దానిమ్మకు పైపూత సరే, ముందు గదిలో తేమ సంగతి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

దానిమ్మ కాయకు కలబంద గుజ్జో, కైటోసాన్ అనే జిగురో పూసి కోల్డ్ స్టోరేజీలో పెడితే రెండు మూడు నెలలు చెక్కుచెదరదన్న మాట అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. సరైన కాయకు సరైన పద్ధతిలో వేస్తే సహజ పైపూత బరువును నిలబెడుతుంది, తొక్క మెరుపు పోనివ్వదు, బూజును కొంతవరకు ఆపుతుంది. (మన తోటల్లో పూత అంటే పువ్వు కాబట్టి ఇక్కడ పైపూత అంటున్నాం.) అయితే కాయను ఏ గదిలో పెడుతున్నారన్నది అడగకుండా పైపూత డబ్బా చేతిలో పెట్టి పంపిస్తే రైతు నష్టపోతాడు. పైపూత గురించి చెప్పేవాళ్లు ఎక్కువై, గది గురించి చెప్పేవాళ్లు తక్కువయ్యారు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాం.

మన రాష్ట్రంలోని కోల్డ్ స్టోరేజీల్లో చాలా భాగం ఎండుమిర్చికో, చింతపండుకో కట్టినవి. మిర్చికి గాలి పొడిగా ఉండాలి, తేమ 65 శాతం దాటితే బూజు భయం. దానిమ్మకు కావాల్సింది దీనికి పూర్తిగా ఎదురు: 90 నుంచి 95 శాతం తేమ. ఈ తేడా కాయకు ఎంత ఖర్చో లెక్క వేసి చూడండి. 7 డిగ్రీల చలిలో ఒక ఘనమీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 7.75 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. గదిలో తేమ 65 శాతమే ఉంటే ఆ గాలికి ఇంకా 2.7 గ్రాముల ఆకలి ఉంది. తేమ 92 శాతం ఉంటే ఆకలి 0.6 గ్రాములే. ఆ ఆకలి తీరేది కాయలోని నీటితోనే. అంటే మిర్చి గదిలో దానిమ్మ నాలుగు రెట్లకు పైగా వేగంతో ఎండుతుంది. మంచి పైపూత నీటి నష్టాన్ని సగానికి తగ్గించిందనే అనుకుందాం. అప్పటికీ మిర్చి గదిలో పైపూత వేసిన కాయ, తేమ ఉన్న గదిలో ఏమీ వేయని కాయ కంటే రెండింతలు ఎక్కువగా ఎండుతుంది. పైగా మిర్చి ఘాటు తొక్కకు పట్టుకుంటే వదలదు.

దానిమ్మ తొక్క చూడటానికి తోలులా గట్టిగా ఉన్నా, నీటిని ఆపడంలో చాలా బలహీనం. దాని నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలు, పగుళ్లు ఉంటాయి. బరువులో సుమారు 5 శాతం తగ్గేసరికి తొక్క ముడత పడటం కంటికి కనిపిస్తుంది, 20 కిలోల క్రేట్‌లో ఒక కిలో అన్నమాట. లోపలి గింజ అప్పటికీ రసంతో నిండుగానే ఉంటుంది. కానీ మార్కెట్లో ధర కట్టేది తొక్కను చూసి. గింజ బాగున్నా కాయ రెండో రకానికి పోవడానికి కారణం ఇదే.

ఇక చలి. దానిమ్మ వేడి ప్రాంతపు చెట్టు, మరీ చల్లదనాన్ని ఓర్చుకోలేదు. 5 డిగ్రీల కంటే తక్కువలో నెల దాటి ఉంచితే చలిదెబ్బ తగులుతుంది. తొక్క మీద గోధుమ రంగు మచ్చలు, చిన్న చిన్న గుంటలు పడతాయి. గింజల మధ్య ఉండే తెల్లటి పొరలు గోధుమ రంగుకు తిరుగుతాయి, గింజ ఎరుపు వెలిసిపోతుంది. ఇందులో మోసపోయే చోటు ఒకటుంది. ఈ లక్షణాలు గదిలో ఉన్నంతసేపూ అంతగా కనిపించవు. బయటికి తీసి మామూలు వేడిలో రెండు మూడు రోజులు ఉంచాక బయటపడతాయి. అందుకే గదిలో బాగున్న సరుకు మార్కెట్ చేరేసరికి పాడైందని యజమాని, వ్యాపారి, రైతు ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు. మిర్చికి పెట్టిన 4 డిగ్రీల దగ్గరే మీటను వదిలేసిన గదిలో జరిగేది ఇదే. రెండు నెలల నిల్వకు 6 నుంచి 7 డిగ్రీలు క్షేమం. డిగ్రీ చూడాల్సింది తలుపు పక్కనున్న గోడ మీద కాదు, క్రేట్ నడుమ ఉన్న కాయలోకి సూది థర్మామీటర్ గుచ్చి చూడాలి.

తేమ పెంచడమంటే నేల మీద నీళ్లు చల్లడమే అనుకుంటారు. అసలు దొంగ కూలింగ్ కాయిల్, అంటే గది గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట. కాయిల్ చిన్నదైతే గదిని చల్లబరచడానికి అది బాగా తక్కువ డిగ్రీల్లో తిరగాలి. గది 7 డిగ్రీల్లో ఉంటే కాయిల్ సున్నా కంటే కిందికి పోతుంది, గాలిలోని తేమంతా దాని మీద మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు కాయల్లోంచి వచ్చిన నీరే. కాయిల్‌కూ గదికీ తేడా 3 డిగ్రీలకు మించకుండా పెద్ద కాయిల్ పెట్టించి, దానికి తోడు సన్నటి పొగమంచులా చిమ్మే హ్యూమిడిఫైయర్ ఒకటి ఉంటే 90 శాతం దాటడం కష్టం కాదు. నీటి బొట్లు మాత్రం నేరుగా కాయ మీద పడకూడదు.

గది సరిగ్గా ఉందనుకుందాం. అప్పుడు పైపూత మాట్లాడుకోవచ్చు.

వీటిని రెండు జాతులుగా చూస్తే గందరగోళం తగ్గుతుంది. మైనాలు ఒక జాతి: తేనెమైనం, లక్క మైనం, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నౌబా మైనం. ఇవి నీటిని గట్టిగా ఆపుతాయి. జిగురులు రెండో జాతి: రొయ్య, పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్, సముద్రపు నాచు నుంచి వచ్చే సోడియం ఆల్జినేట్, కలబంద గుజ్జు, గోరుచిక్కుడు గింజల జిగురు, గంజి. ఇవి ఆక్సిజన్ లోపలికి పోవడాన్ని తగ్గిస్తాయి. కైటోసాన్ అయితే బూజును కూడా అణుస్తుంది. కానీ జిగురుకు నీరంటే ఇష్టం కాబట్టి ఆవిరిని అంతగా ఆపలేదు. కలబంద గుజ్జులో 98 శాతానికి పైగా నీరే, ఆరాక మిగిలేది పలుచటి పొర. బరువు తగ్గకూడదనుకుంటే మైనం వైపు, బూజు భయం ఎక్కువైతే కైటోసాన్ వైపు మొగ్గాలి. మా అభిప్రాయంలో భగువా అనే దానిమ్మ రకానికి పలుచటి కార్నౌబా మైనమే మొదటి ఎంపిక. దిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పనిలో కార్నౌబా మైనానికి పుట్రెసిన్ అనే పదార్థాన్ని జతచేసి 3, 5 డిగ్రీల్లో 60 రోజులు నిల్వ చేసినప్పుడు చలిదెబ్బ తగ్గింది. తగ్గిందంటే పోయిందని కాదు. ఆ ఫలితాన్ని చూపించి 4 డిగ్రీల గదిలో ధైర్యంగా పెట్టమనడం సరికాదు.

లక్క మైనం మెరుపు బాగా ఇస్తుంది, అదే దాని ఆకర్షణ. కానీ చల్లటి కాయను ఏప్రిల్ ఎండలోకి తీస్తే దాని మీద నీటి చెమట పడుతుంది, ఆ చెమటకు లక్క పొర తెల్లగా పాలిపోతుంది. కాయకు సున్నం రాసినట్లుంటుంది. హస్త బహార్ (సెప్టెంబరు, అక్టోబరుల్లో పూసే) పంట చేతికొచ్చేది ఎండలు ముదిరే రోజుల్లోనే గనుక మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. లక్క పొర గాలిని కూడా ఎక్కువగా ఆపుతుంది. మందం పెరిగితే కాయకు ఊపిరాడక లోపల పులిసిన వాసన పుడుతుంది.

ఏ పైపూతైనా కాయను బాగుచేయదు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెడుతుంది. దానిమ్మ మామిడిలా కోశాక మగ్గే కాయ కూడా కాదు, పచ్చిగా కోస్తే పచ్చిగానే ఉంటుంది. మచ్చ తెగులు తగిలినవి, పగిలినవి, ఎండదెబ్బ తిన్నవి, పురుగు రంధ్రం ఉన్నవి ముందే ఏరేయాలి. లోపలి కుళ్లు కనిపెట్టడమే కష్టం. పూత సమయంలోనే బూజు లోపలికి చేరి గింజలను నల్లబరుస్తుంది, బయట తొక్క బాగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కాయ కాస్త తేలికగా, రంగు కాస్త తేడాగా అనిపించవచ్చు. ప్రతి తోట సరుకు నుంచి పది కాయలు కోసి చూడాలి. అందులో రెండు కాయల్లో నలుపు కనిపిస్తే ఆ తోట సరుకును నిల్వకు పెట్టకుండా వెంటనే అమ్ముకోవడం మేలు. కాయను పీకకుండా కత్తెరతో, తొడిమ భుజానికి సమంగా ఉండేలా కోయాలి. పొడుచుకొచ్చిన తొడిమ పక్క కాయను గుచ్చుతుంది, ఆ గాటును ఏ మైనమూ పూడ్చదు.

కడగడానికి 100 లీటర్ల నీటిలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 200 మిల్లీలీటర్లు కలిపితే 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) క్లోరిన్ వస్తుంది. 10 శాతం ద్రావణమైతే 100 మిల్లీలీటర్లు చాలు. రెండు మూడు నిమిషాలు ముంచి తీయాలి. నీటి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 6.5, 7.5 మధ్య ఉంటేనే క్లోరిన్ బాగా పనిచేస్తుంది. మన బోరు నీళ్లు తరచూ 8 దాటి ఉంటాయి, చిటికెడు చిటికెడుగా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వేసి పీహెచ్ పేపరుతో కొలుచుకుంటూ దించాలి. ఒక్కసారిగా ఆమ్లం పోస్తే విషవాయువు లేస్తుంది. ఇదే కారణంగా క్లోరిన్ తొట్టినీ, ఆమ్లం ఉన్న కైటోసాన్ తొట్టినీ పక్కపక్కన పెట్టకూడదు, ఒకదాని మగ్గు మరోదానిలో ముంచకూడదు. క్లోరిన్ నుంచి తీసిన కాయను మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

తోట నుంచి వేడిగా వచ్చిన కాయను చల్లటి నీళ్లలో ముంచడం పెద్ద పొరపాటు. లోపలి గాలి ముడుచుకుని, కాయ కొసన ఉండే కిరీటం సందుల్లోంచి, తొడిమ గాటులోంచి తొట్టిలోని నీటిని మురికితో సహా పీల్చుకుంటుంది. తెల్లవారుజామున కోసి నీడలో ఆరబెట్టి, నీరూ కాయా ఇంచుమించు ఒకే వేడిలో ఉన్నప్పుడు ముంచాలి.

కైటోసాన్ 1 శాతం ద్రావణం 10 లీటర్లు కావాలంటే 100 గ్రాముల ఆహారయోగ్యమైన పొడి, 100 మిల్లీలీటర్ల గ్లేసియల్ (నీరు కలపని) అసిటిక్ ఆమ్లం తీసుకోవాలి. ముందు 9 లీటర్ల నీటిలో ఆమ్లం కలిపి, పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కట్టి, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. రాత్రంతా నెమ్మదిగా తిరగనిచ్చి, పలుచటి గుడ్డలో వడకట్టి, పొర పెళుసుబారకుండా గ్లిసరిన్ 50 మిల్లీలీటర్లు, కాయ మీద సమంగా పరుచుకోవడానికి ట్వీన్ 80 అనే ద్రవం 10 మిల్లీలీటర్లు చేర్చి, నీటితో 10 లీటర్లు చేయాలి. పులుపు ఎక్కువని సోడా వేసి సరిచేయబోతే జాగ్రత్త. పీహెచ్ 5, 5.5 దగ్గర ఆగాలి. 6 దాటితే కైటోసాన్ విరిగిన పాలలా ముక్కలవుతుంది, మళ్లీ కలవదు. దీనికి ఆర్‌వో నీళ్లే వాడాలి. క్షారం ఎక్కువున్న బోరు నీరు ఆమ్లాన్ని ముందే తినేస్తుంది, పొడి సగమే కరుగుతుంది. ఆల్జినేట్‌కైతే ఈ నీటితో ఇంకా ఇబ్బంది. ఆ జిగురు గట్టిపడేదే కాల్షియంతో, అందుకే దాన్ని పూశాక కాల్షియం క్లోరైడ్ నీటిలో ముంచుతారు. కాల్షియం ఎక్కువున్న గట్టి నీటితో కలిపితే కాయను చేరకముందే తొట్టిలోనే పిసరుపిసరుగా గడ్డకడుతుంది. మందు మంచిది కాదని తిట్టుకునేవాళ్లు ముందు నీళ్లు పరీక్ష చేయించుకోవాలి.

కలబంద వాడదలచినవాళ్లు మట్టను కోసి గంటసేపు నిలువుగా పెట్టి పచ్చటి చేదు పాలు కారిపోనివ్వాలి. అది కలిస్తే తొక్క మీద మరకలు పడతాయి. లోపలి గుజ్జును రుబ్బి వడకట్టి 70 డిగ్రీల వేడిలో 45 నిమిషాలు ఉంచి చల్లార్చి, లీటరుకు 4.5 గ్రాముల నిమ్మ ఉప్పు, 2 గ్రాముల విటమిన్ సి కలపాలి. ఇవి లేకపోతే గుజ్జు కొద్ది గంటల్లోనే గులాబీ రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. లవంగ నూనె, దాల్చిన నూనె జతచేయమనే సలహాలు కూడా ఉన్నాయి. బూజును ఆపుతాయి నిజమే, కానీ మోతాదు కొంచెం పెరిగినా తొక్క కాలుతుంది, గింజకు వాసన పడుతుంది. పది కాయల మీద చూడకుండా టన్నుకు వాడొద్దు.

ఎక్కువ సరుకు పాడయ్యేది కిరీటం దగ్గర. నిల్వలో దానిమ్మను తినేసే బూడిద రంగు బూజు మొదలయ్యేది ఆ ఎండిన కేసరాల్లోనే. కాయను తొట్టిలో ముంచి కిరీటం పైకి ఉండేలా పెడితే ద్రావణం ఆ గిన్నెలో నిలిచిపోతుంది. బయట తొక్క గంటలో ఆరుతుంది, లోపల రెండు రోజులైనా తడే. అంత ఖర్చు పెట్టి బూజుకు మనమే పరుపు వేసినట్లవుతుంది. ముంచక తప్పకపోతే తీసిన వెంటనే కిరీటం కిందికి ఉండేలా జాలీ మీద బోర్లించి, కంప్రెసర్ గాలితో ఒక్కో కిరీటంలోకి ఊదాలి. అంతకంటే మెత్తటి బ్రష్షుల మీద కాయ దొర్లుతుండగా సన్నటి జల్లుగా చిమ్మడం మేలు, మందు కూడా తక్కువ పడుతుంది. తర్వాత ఫ్యాన్ గాలిలో అరగంట నుంచి గంట. చేతికి అంటకుండా ఆరాకే పెట్టెలో పెట్టాలి. తడి మీద పేపరు చుడితే పేపరుతో పాటు పొర కూడా ఊడొస్తుంది.

ఆరిన కాయను అదే రోజు ప్రీకూలింగ్‌లో పెట్టి లోపలి వేడి 8 డిగ్రీలకు దించి, ఆ తర్వాతే నిల్వ గదికి మార్చాలి. వేడి సరుకును నేరుగా నిల్వ గదిలో పేర్చితే నడుమ క్రేట్లు చల్లబడటానికి రోజులు పడుతుంది, పక్కనున్న చల్లటి కాయలకు చెమట పడుతుంది. బయటికి తీసేటప్పుడు కూడా ఒక పూట 12, 15 డిగ్రీల మధ్య గదిలో నిలిపి తీయాలి.

పైపూత పనిచేసిందో లేదో అమ్మకందారు చెప్పనక్కర్లేదు, తూకం చెబుతుంది. ఒకే తోట, ఒకే రోజు కోత నుంచి ఇరవై కాయలకు పైపూత వేసి, ఇరవైకి వేయకుండా, నంబర్లు రాసి ఒకే క్రేట్ వరుసలో పెట్టండి. వారానికోసారి తూచండి. రెండు వారాలకోసారి మూడేసి కాయలు తీసి మూడు రోజులు బయట ఉంచి కోయండి. పొరల రంగు చూడండి, పులిసిన వాసన ఉందేమో చూడండి, రిఫ్రాక్టోమీటర్‌లో తీపి చూడండి. పైపూత కాయలోనే పులిసిన వాసన వస్తే పొర మందమైందని అర్థం, ద్రావణాన్ని పలుచన చేసుకోవాలి. పెట్టెలో పలుచటి ప్లాస్టిక్ సంచి వేసి మూతి మడిచిన మూడో వరుస కూడా పెట్టి చూడమని మా సలహా. చాలాచోట్ల నీటి నష్టాన్ని ఆపడంలో ఆ సంచి పైపూతకు తీసిపోదు.

చట్టం సంగతి కూడా రైతులకు తెలియాలి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు తాజా పండ్ల మీద తేనెమైనం, కార్నౌబా మైనం, లక్క మైనం వాడుకోనిచ్చాయి. అదీ అవసరమైన మేరకే, ఏ మైనం పూశారో లేబుల్ మీద రాసి. ఖనిజ నూనె, రంగు ఉండకూడదన్నాయి. మెరుపు కోసం లిక్విడ్ పారఫిన్ గుడ్డతో తుడవడం అందుకే తప్పు. కైటోసాన్ ఆ మూడు మైనాల్లో లేదు. వాణిజ్యపరంగా వాడదలచినవాళ్లు ముందు ఆహార భద్రతా అధికారి నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సహజమైనదని డబ్బా మీద రాసి ఉంటే అనుమతి ఉన్నట్లు కాదు. ఇంకో మాట. దానిమ్మ మన ఇళ్లలో పూజకు, ఉపవాసానికి, రోగికి ఇచ్చే పండు. కైటోసాన్ రొయ్య పెంకు నుంచి వస్తుంది, లక్క, తేనెమైనం కీటకాల నుంచి వస్తాయి. వాటిని తినాలో వద్దో కొనేవాళ్లు నిర్ణయించుకోవాలి. లేబుల్ లేకుండా అమ్మడమంటే ఆ నిర్ణయాన్ని వాళ్ల దగ్గర నుంచి లాక్కోవడమే.

ఉద్యాన శాఖకు మీ పత్రిక ద్వారా మూడు విన్నపాలు. దానిమ్మ తీసుకునే ప్రతి కోల్డ్ స్టోరేజీలో మిర్చికి, చింతపండుకు సంబంధం లేని చాంబర్ ఒక్కటైనా విడిగా ఉండాలని, దాని తేమ, ఉష్ణోగ్రతల రోజువారీ పట్టీ తలుపు బయట రైతుకు కనిపించేలా అతికించాలని ఆదేశించండి. పైపూత యంత్రాలకు రాయితీ ఇచ్చేటప్పుడు హ్యూమిడిఫైయర్, తేమ కొలిచే మీటర్ లేని గదికి ఇవ్వకండి. పైన చెప్పిన ఇరవై కాయల తూకం పరీక్షను ఈ హస్త బహార్ కోతల్లో కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల్లోని రెండు మూడు కోల్డ్ స్టోరేజీల్లో శాఖే చేయించి, వారం వారం అంకెలను రైతు సేవా కేంద్రాల బోర్డుల మీద రాయించండి.

ఇట్లు,
కోత తర్వాతి యాజమాన్యంలో పనిచేస్తున్న కొందరు ఉద్యాన నిపుణులు,
అనంతపురం.